చుట్టలో రెండో సగం

మా ఇంట్లో చుట్ట అంటించే పని నాది, కాల్చే పని మా ఆయనది. ఈ రెండూ వేరు వేరు పనులని నేను ఇప్పటికీ వాదిస్తాను. మా క్రైస్తవ సంఘంలో స్త్రీల కూటానికి వచ్చిన దొరసానిగారు ఒకసారి "మీలో పొగ తాగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే మా అత్తగారు నిక్షేపంగా చెయ్యెత్తారు. నేను ఎత్తలేదు. కూటం అయ్యాక ఇంటికి వచ్చేదాకా కాలవ గట్టు పొడుగునా ఆవిడ నన్ను దులిపేశారు.

"రోజూ నోట్లో పెట్టుకుని గుప్పుగుప్పున లాగుతావు కదే అమ్మాయ్! చెయ్యెత్తడానికి మాత్రం బరువొచ్చిందా?"

"నేను అంటిస్తానండి అత్తయ్యా, తాగను. పులుసులో ఉప్పు చూసినంత మాత్రాన భోజనం చేసినట్టేనా?"

"ఉప్పు చూసింది ఉమ్మేస్తావా, మింగుతావా?"

దానికి నా దగ్గర జవాబు లేకపోలేదు. చెప్పేలోపు ఇల్లు వచ్చేసింది.

ఆ ఇల్లు కొవ్వూరుకు దిగువన, కాలవ లాకు పక్కన ఉండేది. మా ఆయన ఆ లాకు మీద ఉద్యోగి. పడవలు వస్తే తలుపులు తీయించాలి, నీళ్ల మట్టం చూడాలి, ముందు నేనంటే ముందు నేనని కొట్టుకునే సరంగులకు తగువులు తీర్చాలి. నేను దగ్గరలోని మిషను బడిలో ఆడపిల్లలకు చదువు, కుట్టుపని నేర్పేదాన్ని. చెన్నపట్నం వెళ్లి ఎఫ్.ఎ. చదివి వచ్చినదాన్నని మా సంఘంలో నాకో పేరుండేది. ఆ పేరులో గౌరవమెంతో, భయమెంతో నేను విచారించలేదు.

పెళ్లయి కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తగారు నా చేతిలో ఒక చుట్ట పెట్టి, వంటింట్లో అంటించుకుని రమ్మన్నారు.

"అగ్గిపెట్టె ఉంది కదండీ?" అన్నాను.

"అగ్గిపుల్లకి గంధకం ఉంటుంది. ఆ కంపు మొదటి దమ్ములోనే ఆకుకి పట్టేసి చివరిదాకా వదలదు. చుట్టని నిప్పు మీదే అంటించాలి. కొబ్బరిచిప్ప నిప్పయితే మరీ మంచిది."

"అయితే ఆయన్నే పొయ్యి దగ్గరికి రమ్మనండి."

"రాక ఏం, వస్తాడు. వాడికి నిప్పు నిలపడం రాదు. ఒక పక్క కాల్చి ఒక పక్క పచ్చిగా వదిలేస్తాడు. అట్టా అంటించిన చుట్ట కుంటి ఎద్దులాగా నడుస్తుంది."

అరుగు మీద నుంచి మా ఆయన గొంతు వినపడింది. "నిజమేనోయ్, నాకు చేతకాదు." కాలవంత నీటిని ఆపి వదిలే మనిషి, చుట్ట చివర నిప్పు నిలపలేనని అంత హాయిగా ఒప్పుకోవడం చూసి నాకు ఒళ్లు మండింది. అయినా వంటింట్లోకి వెళ్లాను. ఆయన మీద గౌరవంతో కాదు, ఆ పని అత్తగారికి వచ్చి నాకు రాదంటే ఊరుకోలేక.

అత్తగారి చుట్ట సంగతి వేరు. ఆవిడ అడ్డపొగ తాగేవారు. అంటే వెలిగించిన కొసని లోపలికి పెట్టుకుని, నోరు మూసి, నిప్పుని నాలుక మీద దాచుకుని పీల్చడం. పైకి చూస్తే వేలెడు సన్న చుట్ట పెదాల మధ్య ఊరికే నిలబడినట్టుంటుంది. పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లు చాలామంది అలాగే కాల్చేవారు. గాలికి ఆరదు, వానకి తడవదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఆవిడ అలా నోట్లో నిప్పు పెట్టుకునే బియ్యం చెరిగేవారు, కోడళ్ల సంగతులు మాట్లాడేవారు, ఆదివారం పాటలు పాడేవారు. నిప్పు కూడా ఆవిడ నోరు మూయించలేదు.

అంటించడం నేర్చుకోవడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. నిప్పుకణికని పట్టకారుతో పట్టుకుని చుట్ట కొసకి ఆనీ ఆనకుండా ఉంచాలి. ఆనిస్తే ఆకు మాడి చేదెక్కుతుంది. చుట్టని వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ చిన్న చిన్న దమ్ములు లాగాలి. కొస అంతా ఒక్క రంగుకి వచ్చి, రూపాయి అంచులా గుండ్రంగా ఎర్రబడ్డాక అరుగు మీదికి తీసుకుపోయి ఆయన చేతికివ్వాలి. ఆ నాలుగు దమ్ములూ పనిలో భాగం. వాటి మీద నాకు మోజు లేదు. మొదట్లో లేదు.

తర్వాత ఏం జరిగిందంటే, రుచి తెలిసింది. అది నా తప్పు కాదు. మొదటి దమ్ములో వట్టి వేడి గాలి తప్ప ఏమీ ఉండదు. ఆ తర్వాత పై ఆకు నిద్ర లేస్తుంది, మామిడి తాండ్ర అంచు ఎండలో గట్టిపడ్డప్పటి వాసన వేస్తుంది. ఆ వెనకాల పాకం గిన్నె అడుగున కాస్త మాడిన బెల్లం. ఇంకో దమ్ము లాగితే, వరద తీశాక ఒండ్రు మీద మొదటి ఎండ పడినప్పుడు గోదారి గట్టున వచ్చే వాసన, అచ్చంగా అదే, నాలుక చివర తగిలీ తగలకుండా. అంతే, అక్కడితో నా వంతు అయిపోయేది. బాగా ఉన్నచోట ఆపి ఇచ్చేయాలి.

ఆ చుట్టలు మా ఆయనే చుట్టుకునేవారు. కొవ్వూరు ఎగువన గోదారి మధ్యలో ఒక చిన్న లంక ఉండేది. ఏటా వరదకి మునిగి, కొత్త ఒండ్రు కప్పుకుని తేలేది. ఆ లంకలో పొగాకు వేసే రైతు మా సంఘం మనిషే. ఆకు కోసి, తాళ్ల మీద తోరణాలు కట్టి ఎండబెట్టి, మండె వేసి, ఆ గుట్టలో ఆకు తనంతట తాను వేడెక్కుతుంటే పైది కిందికి, కిందిది పైకి మార్చి మార్చి మాగనిచ్చి, ఎండాకాలం చివర పడవలో మా లాకు మీదుగా తీసుకువెళ్లేవాడు. మా ఆయన ఒక కట్ట కొని ఉంచుకునేవారు. వేరే లంకల ఆకు ఊరికే ఇచ్చినా ముట్టేవారు కాదు.

ఆదివారం ఆరాధన అయ్యి, భోజనం అయ్యాక అరుగు మీద పీట వేసుకుని కూర్చునేవారు. తడిగుడ్డ కింద ఆకులు మెత్తబడుతుండేవి. ఆకు మధ్య ఈనెని కొస నుంచి మొదలు దాకా ఒక్క లాగుడులో, చిరుగు లేకుండా తీసేసేవారు. ముదురాకు లోపలికి, లేతగా నూనెతేరినట్టున్న ఆకు పైకి. పీట మీద అరచేత్తో ముందుకీ వెనక్కీ దొర్లిస్తుంటే ఆ చప్పుడు నాకు లోపలికి వినపడేది, ఎవరో గుసగుసగా నచ్చజెబుతున్నట్టు. బిగువు ఎక్కువైతే పొగ రాదు, తక్కువైతే గబగబా కాలిపోతుంది. చుట్టిన ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని చిన్నగా నొక్కేవారు. చివరికి కాస్త గంజి రాసి, నోట్లో పెట్టుకునే కొసకి కొంచెం కిందగా దారంతో ముడి వేసేవారు. ఆ దారం నా కుట్టుబుట్టలోది. బడిపిల్లల రుమాళ్ల మీద పువ్వులు కుట్టించడానికి తెచ్చిన నీలం దారం.

"ఎన్నిసార్లు చెప్పానండీ, నా దారం ముట్టుకోవద్దని?"

"తెల్లదారం కడితే అన్ని చుట్టల్లాగే ఉంటుంది కదోయ్. నీలం దారమైతే మన ఇంటిదని తెలుస్తుంది."

పాస్టరుగారు ఓ ఆదివారం అటుగా వచ్చి, విశ్రాంతి దినాన ఈ పనేమిటని అడిగారు. "పని కాదండి, విశ్రాంతి తీసుకోవడానికి కావలసిన సరంజామా," అన్నారు మా ఆయన. పాస్టరుగారు నా వైపు తిరిగి, చదువుకున్న దానివి నువ్వయినా చెప్పవచ్చు కదమ్మా అన్నారు. ఆ ఇంట్లో నేను చెప్పని మాటంటూ మిగల్లేదని ఆయనకి తెలియదు, పాపం.

నిజానికి మా ఇద్దరికీ అసలు తగువు ఆదివారం గురించి కాదు, దారం గురించి కాదు. చుట్టలో రుచి ఎక్కడుందన్న దాని గురించి.

రుచంతా మొదట్లోనే ఉంటుందని నా వాదన. ఆ తర్వాత మిగిలేది వట్టి కంపు. ఇంటి దూలాలకి, ఆయన చొక్కాలకి, దిండు గలేబులకి పట్టి, ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని కంపు. ఆయన మాటేమిటంటే, చుట్ట సగం దాటితే కాని అసలు రుచి రాదు.

"మొదటి సగం పొగాకుదోయ్. రెండో సగం చుట్టినవాడిది," అనేవారు.

"అవునండీ, అందుకే కంపు."

"నువ్వు గుమ్మంలో నిలబడి ఇల్లెలా ఉందో చెబుతున్నావు. లోపలికి వచ్చి చూడు. ఇదిగో, ఇవాళ నువ్వే చివరిదాకా కాల్చు."

"పంతులమ్మని అరుగు మీద కూర్చోబెట్టి చుట్ట తాగిస్తారా? రేపు పిల్లలకి ఏ ముఖం పెట్టుకుని పాఠం చెప్పమంటారు?"

"వెనక పెరట్లో కాల్చు, ఎవరు చూస్తారు?"

"చూడకపోతే మంచిదైపోతుందా?"

వాదన ఎటు తిప్పినా నేనే గెలిచేదాన్ని. గెలిచి వంటింట్లోకి వెళ్లి అంటించుకుని వచ్చి ఆయన చేతికిచ్చేదాన్ని. ఆయన మొదటి దమ్ము లాగి, నిప్పు చూసుకుని, "బాగా నిలిపావు," అనేవారు. పన్నెండేళ్ల కాపురంలో ఆ మాట తప్పిన సాయంత్రం నాకు గుర్తు లేదు. మిగిలిపోయిన పీకని మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కాదు, కాలవలోకి విసిరేసేవారు. అది చూసినప్పుడల్లా అత్తగారు గొడవ పెట్టేవారు.

"వేలెడు ఆకు ఉండగానే నీళ్లపాలు చేస్తాడు. నాకిస్తే తిప్పి పెట్టుకుంటాను కదరా!"

"నీ నోరు ఇప్పటికే కాలింది చాలమ్మా," అనేవారాయన.

ఒక ఏడాది గోదారి అడ్డూ ఆపూ లేకుండా వచ్చింది. లాకు తలుపుల మీద నీళ్లు పొర్లాయి. మా ఆయన వానలో తడుస్తూ గట్టు మీదే ఉండిపోయారు, అన్నం కూడా అక్కడికే పంపించాను. వరద తీసింది కాని ఆయనకి పట్టుకున్న జ్వరం తీయలేదు. మంచం మీద ఉన్నప్పుడు ఒకసారి చుట్ట అడిగారు. అంటించి తీసుకుపోయేసరికి లాగే ఓపిక లేదు. చేత్తో పట్టుకుని, కొస తిప్పి చూసుకుని, "బాగా నిలిపావు," అన్నారు. ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు.

ఆ వరదకే లంక కూడా పోయింది. రెల్లు దుబ్బుతో సహా కోసుకుపోయి, అంతా నీరే అయింది. ఆ రైతు మాకు ఆ కబురు చెప్పడానికి వచ్చి, ఏ దుఃఖం ముందు మాట్లాడాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు.

ఆయన చుట్టి పెట్టిన చుట్టలు తాటాకు బుట్టలో ఊక మధ్య ఉండిపోయాయి. స్నేహితులు వచ్చి జ్ఞాపకంగా ఒకటి ఇవ్వమని అడిగితే ఇచ్చాను. జ్ఞాపకాన్ని అంటించుకుని పావుగంటలో బూడిద చేస్తారని తెలిసీ ఇచ్చాను. తర్వాత ఇవ్వడం మానేశాను. సాయంత్రం దీపం పెట్టే వేళకి బుట్ట మూత తీసి వాసన చూసి మూసేసేదాన్ని. ఎన్ని ఉతుకులకీ వదలదని నేను తిట్టుకున్న వాసన చొక్కాల్లోంచి, గలేబుల్లోంచి ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియదు. ఒక రోజు ముఖం ఆనించి చూస్తే చాకిరేవు వాసన తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లూ వదలనిది అప్పుడెందుకు వదిలింది? ఈ ప్రశ్న అడగడానికి కూడా నాకు ఎదురుగా మనిషి కావాలి. ఎదురు చెప్పేవారు లేని ఇంట్లో నేను మాట్లాడడమే తగ్గించేశాను. బడిపిల్లలు నాకు భయపడడం మానేశారంటే చూసుకోండి.

ఆ మరుసటి వానాకాలం బుట్ట తీసి చూస్తే చుట్టల మీద గుండుసూది మోపినంత చిల్లులు. పొగాకు పురుగు. దులిపి, ఎండలో పెట్టి, వేపాకు వేసి ఎంత జాగ్రత్త చేసినా ఒకదాని తర్వాత ఒకటి పొడి పొడిగా రాలిపోయాయి. చివరికి చిల్లు పడనిది ఒక్కటే మిగిలింది.

"ఏం చేస్తావే దాన్ని?" అన్నారు అత్తగారు.

"దాచుకుంటానండి."

"ఎవరి కోసం? పురుగు కోసమా?"

నేను రాజమహేంద్రవరం వెళ్లాను. ఆ లంక ఆకుతో ఎవరైనా చుట్టినవి దొరికితే, రుచి తేల్చుకోవడానికి దాన్ని కాల్చవచ్చు, ఇంట్లోది ఇంట్లో ఉంటుంది. అదీ నా ఎత్తు. అప్పటికి గోదారి మీద రైలు వంతెన స్తంభాలు లేస్తున్నాయి. నేను కొవ్వూరు రేవులో పడవెక్కి దాటాను. బజారులో పేరున్న చుట్టల కొట్టు ఒకటుంది. షావుకారు బంగారు రంగు కాగితం చుట్టిన చుట్టల పెట్టె తెరిచి, దొరలు కూడా ఇవే పట్టుకెళతారమ్మా అన్నాడు.

"ఏ లంక ఆకండీ?"

ఆయన మా లంక పేరే చెప్పాడు.

"ఆ లంక ఇప్పుడెక్కడుందండీ?"

"గోదాట్లోనే ఉందమ్మా."

"గోదాట్లో కాదండీ, గోదారి అడుగున ఉంది."

షావుకారు తడబడలేదు. "పైన పోయిన మట్టి దిగువన మేట వేసిందండి. కొత్త లంక తేలింది, ఆ పేరే పెట్టారు. మట్టి అదే, పేరు అదే. ఇంకేం కావాలండీ? ఇంతకీ అయ్యగారికాండీ?"

"నాకే అనుకోండి. నిప్పుందా?"

అగ్గిపెట్టె ఇచ్చాడు. వద్దన్నాను. కొట్లో దేవుడి పటం ముందు సాంబ్రాణి నిప్పు ఉంది కాని, దాని వైపు నేను చూసిన చూపుకే ఆయన కంగారుపడిపోయి, పక్కన శనగలు వేయించే ఆవిడ పొయ్యిలోంచి కణిక తెప్పించాడు. తెల్లచీర కట్టుకుని, కళ్లజోడు పెట్టుకున్న ఆడమనిషి నడి బజారులో కణిక మీద చుట్ట తిప్పుతుంటే జనం ఆగి చూశారు. చూడనిచ్చాను. నాలుగు దమ్ములూ లాగాను. తాండ్ర ఉంది, బెల్లం ఉంది. ఒండ్రు మీద ఎండ లేదు. ఎంత ఆగినా రాలేదు.

"మంచి చుట్టండి," అన్నాను. మంచిదే మరి, అన్యాయంగా ఎందుకనాలి? "కాని అది కాదు."

తిరిగి వచ్చేటప్పుడు దాన్ని పడవవాడికి ఇచ్చేశాను. నది మధ్యకి వచ్చాక లంక ఉండే చోటు వైపు చూశాను. నీళ్లు అక్కడ కాస్త మెల్లగా తిరుగుతున్నట్టు అనిపించింది. నిజమో కాదో తెలియదు. ఇలాంటివాటి మీద నేను పందెం కాయను.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, భోజనం చేసి, కొబ్బరిచిప్ప కాల్చాను. బుట్టలో నుంచి ఆ ఒక్కటీ తీసి చెవి దగ్గర పెట్టుకుని నొక్కాను. చిటుక్కుమంది. ఆయన దేని కోసం వినేవారో అప్పటికీ నాకు తెలియలేదు. అంటించి, అలవాటు కొద్దీ అరుగు మీదికి తీసుకువచ్చి, ఇచ్చేందుకు చెయ్యి చాపబోయి ఆగాను. అత్తగారు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆయన పీట అక్కడే ఉంది. దాని మీద కూర్చున్నాను.

నాకు తెలిసిన రుచి తెలిసినట్టే వచ్చి వెళ్లింది. ఆ తర్వాత చాలాసేపు నేను అన్నదే నిజమనిపించింది. వట్టి ఘాటు. నాలుక చురుక్కుమంది, కళ్లు మండాయి, దగ్గొచ్చింది. కాలవ మీద పోయే పడవలో సరంగు తిరిగి తిరిగి చూశాడు.

"వదిలెయ్యవే, నీ వల్ల కాదు," అన్నారు అత్తగారు.

"సగం కానివ్వండి."

బూడిద రాలకుండా వేలెడు పొడుగున తెల్లగా నిలబడింది. ఆయన చుట్టిన బిగువు అది. సగం దాటింది. ఘాటు ఎక్కడ తగ్గిందో చెప్పలేను, నోరు మొద్దుబారిందేమో కూడా. ఒక దమ్ము వదిలి ఊపిరి తీసుకుంటే, లోపలికి వచ్చినది తాండ్ర కాదు, బెల్లం కాదు, ఒండ్రు కాదు. ఆయన. లాకు మీది నుంచి చెమటతో వచ్చి చొక్కా విప్పినప్పటి వాసన, దిండు మీద రెండో వైపు వాసన, నా మీదికి వంగి ఏదో ఒకటి నచ్చజెప్పబోయినప్పుడు మీసంలోంచి వచ్చే వాసన. బట్టల్లో వెతికి వెతికి దొరకనిది, నేను కంపు అని పేరు పెట్టినది. రెండో సగం నాకు తెలియనిదేమీ కాదు. పన్నెండేళ్లు ఆయన దాన్ని కాల్చారు, నేను దానితో కాపురం చేశాను.

ఒకటి రెండు దమ్ముల తర్వాత లాగడం మానేసి, ఊరికే చేత్తో పట్టుకుని కూర్చున్నాను. పొగ తనంతట తాను లేచి, దూలాల వైపు వెళ్లింది. ఈసారి పట్టనీ, ఎంత కావాలంటే అంత పట్టనీ అనుకున్నాను.

"ఏమే, ఎవరిది గెలుపు?" అని అడిగారు అత్తగారు.

"మీ అబ్బాయిదేనండి. ఆయనకి చెప్పకండి."

ఆవిడ నవ్వలేదు. చెయ్యి చాపారు. చుట్ట అప్పటికి నా వేళ్లు కాలేంత పొట్టిదైంది, ఇంక నాలాంటివాళ్లు కాల్చడానికి వీల్లేదు. నేను కాలవ వైపు చూశాను, పీకలన్నీ వెళ్లిన వైపు. తర్వాత ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ బూడిద దులిపి, కొస తిప్పి, నిప్పుని నోట్లోకి తీసుకుని పెదాలు మూశారు.

నోట్లో నిప్పుతోనే లోకం సంగతులన్నీ మాట్లాడే మనిషి. ఆ సాయంత్రం అది ఆరిపోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మూసిన పెదాల బయట నా నీలం దారం ముడి ఒక్కటే కనిపిస్తూ ఉంది.